రాయి పైకి పడదు

సిటీవెస్ట్
8 జులై 2025

పెదనాన్నకి,

రాళ్ళ పెట్టెల మధ్యలోంచి చరిత నమస్కారాలు.

ఫోన్ చేస్తే పోయేదానికి ఉత్తరమెందుకని పెద్దమ్మ సణుగుతుందని తెలుసు. ఫోన్ చేస్తే ఆవిడ స్పీకర్ పెడుతుంది. కుక్కర్ కూతల మధ్య సగం మాటలు మీకూ, మిగతా సగం పక్కింటి మీనాక్షి ఆంటీకీ చేరతాయి. అసలు సంగతులు కాయితం మీదే చెప్పుకుందామని మీరు పెట్టిన నియమం నాకు బాగా నచ్చింది. నా తెలుగు చేతిరాత తుప్పు పట్టకుండా ఉంటుంది కూడా.

ముందు థాంక్స్. నాకూ ఫెబికీ ఇద్దరికీ లైసెన్స్ లేదు. డోనెగాల్‌లో ఆ కొండ కొసకి బస్సు లేదు. మీరు వారం రోజులు కారు నడిపి, పులిహోర డబ్బాలు మోసి, కంటికి కనపడని ఆ దోమల చేత కుట్టించుకుని మమ్మల్ని గట్టెక్కించారు. ఫెబి నోట్లోంచి మాట రావాలంటే ముందు అర్జీ పెట్టుకోవాలి. కొట్టాయం నుంచి వచ్చి ఏడాదైంది, నా జూనియర్, ల్యాబ్‌లో అతని గొంతు విన్నవాళ్ళు తక్కువ. అలాంటివాడు మీతో క్రికెట్ గురించి గంటలకొద్దీ మాట్లాడాడు. తిరిగొచ్చాక కూడా "అంకుల్ ఎలా ఉన్నారు" అని అడుగుతున్నాడు.

వచ్చేటప్పుడు కారులో ఈ రాళ్ళలో అంత ఏముందని మీరు అడిగారు, నేను నిద్రపోయాను. ఇప్పుడు చెబుతాను. డెబ్బై కోట్ల ఏళ్ళ కిందట భూమి మొత్తం గడ్డకట్టింది. ధ్రువాల దగ్గరే కాదు, భూమధ్యరేఖ దగ్గర సముద్రాలు కూడా. మంచు తెల్లగా ఉంటుంది కాబట్టి ఎండని వెనక్కి తిప్పి కొడుతుంది. ఎండ తగలకపోతే చలి పెరుగుతుంది, చలి పెరిగితే ఇంకా మంచు. మొదలయ్యాక ఆపేవాళ్ళు లేరు. కోట్ల సంవత్సరాలు అలాగే ఉండిపోయింది. చివరికి అగ్నిపర్వతాలు వదిలిన గాలి పైన పోగుపడి, వేడిని పట్టి ఉంచి, కరిగించింది. పూర్తిగా గడ్డకట్టిందా, మధ్యమధ్యలో సముద్రం తెరుచుకుందా అని ఇప్పటికీ మావాళ్ళు కొట్టుకుంటున్నారు. నా థీసిస్ ఆ కొట్లాటలో ఓ మూల.

ఇదంతా ఎలా తెలుసు అంటారా? నల్లటి పొరల రాయిలో ఇరుక్కున్న గులాబీరంగు గుండ్రాయి చూసి మీరు ముచ్చటపడ్డారే, అదే సాక్ష్యం. తేలే మంచుగడ్డ దాన్ని ఎక్కడినుంచో మోసుకొచ్చింది. మంచు కరిగినచోట అది జారి, సముద్రం అడుగున మెత్తటి బురదలో పడింది. పడినచోట కింది పొరలు నొక్కుకుపోయాయి. తర్వాత వచ్చిన బురద దాని మీద మెల్లగా పరుచుకుంది. ఆ నొక్కు ఇప్పటికీ ఉంది.

అందుకే కొండలోంచి ముక్క తీసే ముందు ఏ వైపు పైనో దాని మీద బాణం గుర్తు వేస్తాం. ఆ పని ఫెబిది. ఏ పొర ముందు, ఏది తర్వాత అన్నది మాకు ఆ బాణమే చెబుతుంది.

ల్యాబ్‌లో పెట్టెలు తెరిచినవాళ్ళు నవ్వారు. ఒక్క మట్టి మరక లేదు, ఇవి రాళ్ళా పెళ్ళికొడుకులా అన్నారు. సర్దింది మా పెదనాన్న అని మనసులోనే గర్వపడ్డాను.

గోళ్ళ సందుల్లో ఇంకా రాతిపొడితోనే,
చరిత


ములింగార్
21 జులై 2025

చరితమ్మకు,

వానలోంచి మీ పెదనాన్న ఆశీస్సులు. మీ పెద్దమ్మ ఆశీస్సులు ఫోన్లో విడిగా వస్తాయి, స్పీకర్ మీద.

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. రెండోసారి మీ పెద్దమ్మకి చదివి వినిపిస్తే, అంత మంచులో వంట ఎలా చేసుకున్నారంది. అప్పటికి మనుషులు లేరని చెబితే ఊరట చెందింది. నాకు మాత్రం నిజంగానే ఒక సందేహం. అంత చలిలో, అన్ని కోట్ల ఏళ్ళు, ఆ మంచు కింద ఏదైనా బతికి ఉందా? ఉంటే దేన్ని నమ్ముకుని బతికింది?

నువ్వు థాంక్స్ చెప్పావు కానీ చెప్పాల్సింది నేను. రిటైరైన దగ్గర్నుంచి నా పరిస్థితి నీకు తెలియదు. పొద్దున లేచి షేవ్ చేసుకుని, చొక్కా టక్ చేసుకుని, ఆ తర్వాత ఎక్కడికీ వెళ్ళేది లేక హాల్లో కూర్చుంటాను. గుండెలో పెట్టే స్టెంట్లు తయారయ్యే ఫ్యాక్టరీలో, దుమ్ము రేణువు చొరబడని క్లీన్ రూమ్‌లో, ఇరవై ఏళ్ళు నా సంతకం లేనిదే ఒక్క కార్టన్ గేటు దాటలేదు. ఇప్పుడు నా సంతకం కొరియర్ అబ్బాయికి తప్ప ఎవరికీ అక్కర్లేదు. డోనెగాల్‌లో మీరిద్దరూ సాయంత్రం వంట చేసుకుంటుంటే, నేను గ్యారేజీలో మీ రాళ్ళు తుడిచి, చుట్టి, పెట్టెల్లో పెడుతూ మళ్ళీ డ్యూటీలో ఉన్నట్టే ఉన్నాను. నా చేతులు మట్టి చూస్తే ఊరుకోవు. కారులో ఎప్పుడూ ఉండే ఆల్కహాల్ వైప్స్ డబ్బా ఖాళీ అయింది. పెద్దమ్మ అడిగితే నీ పేరు చెప్పాను.

వచ్చే వేసవిలో కూడా నన్నే తీసుకెళ్ళు. ఇంకెవరికీ మాట ఇవ్వకు.

పెద్దమ్మ రాయమంది రాస్తున్నాను, నన్నేమీ అనకు. నిఖిల్ అని డబ్లిన్ డాక్‌ల్యాండ్స్‌లో సాఫ్ట్‌వేర్ చేస్తున్న అబ్బాయట, మనవాళ్ళేనట. చూడమంటోంది.

కొత్త డబ్బా కొనుక్కుని సిద్ధంగా ఉన్న
మీ పెదనాన్న


సిటీవెస్ట్
14 సెప్టెంబర్ 2025

పెదనాన్నకి,

నిఖిల్ సంగతి తర్వాత. మంచు కింద బతికినవాటి సంగతీ తర్వాతే. కొంప మునిగింది.

మన రాళ్ళు రంపంతో కోసి, పాలిష్ పెట్టి, వరసగా బల్ల మీద పరిచాం. మా ప్రొఫెసర్ ఓనా భూతద్దం పట్టుకుని ఒక్కోటీ చూస్తూ వచ్చి ఒకచోట ఆగిపోయింది. గుండ్రాయి ఉన్న ముక్క అది. బాణం చూపించే దిక్కు పైన అనుకుంటే, రాయి కింద పొరలు మెత్తగా పరుచుకుని ఉన్నాయి, పైన పొరలు నొక్కుకుపోయి ఉన్నాయి. అంటే ఆ రాయి సముద్రం అడుగునుంచి పైకి పడిందన్నమాట. ఆవిడ భూతద్దం కింద పెట్టి, రాయి పైకి పడదు కదా చరితా, అంది. నాకు కాళ్ళు చల్లబడ్డాయి.

ఒకటి కాదు, ఇంకా కొన్ని అలాగే ఉన్నాయి. గుండ్రాళ్ళు ఉన్నవాటిని వాటి నొక్కును బట్టి సరిచేసుకోవచ్చు. లేనివాటిని ఏం చేయాలి? అవే ఎక్కువ. ఉత్త పొరలు, ఎటు తిప్పినా ఒకేలా ఉంటాయి. వాటి వరస నమ్ముకుని ఆగస్టులో గాల్వే మీటింగ్‌లో, సముద్రం ఫలానా దశలో తెరుచుకుందని అందరి ముందు గొప్పగా చెప్పొచ్చాను. ఇప్పుడు అదంతా వెనక్కి తీసుకోవాలి.

బాణాలు వేసే పని ఫెబిది కాబట్టి తప్పు అతని మీదకు వచ్చింది. నవంబర్ చివర్లో అతని ఏడాది రివ్యూ. ఇదే ఉంటే పాసవ్వడు. పాసవ్వకపోతే సీటు పోతుంది, సీటుతో వీసా పోతుంది. నాకు జాలిగానే ఉంది. కానీ నా రెండేళ్ళ పని కూడా ఆ బాణాల్లోనే పోయింది.

మీరు పక్కనే ఉండి చూశారు కదా. వానలో గబగబా పని కానిచ్చేవాడు, పెన్ను తడిసిపోయేది. ఆ ఒక్క సంగతి ఓనాకి ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాసి పంపుతారా? పెద్దవారు, ఇన్నేళ్ళు క్వాలిటీలో చేసినవారు, మీ మాటకి విలువుంటుంది.

తల పట్టుకుని కూర్చున్న
చరిత


ములింగార్
28 సెప్టెంబర్ 2025

చరితమ్మకు,

ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఇక్కడ బాయిలర్ చెడిపోయి నాలుగు రోజులు చన్నీళ్ళే. బాగుచేసే మనిషి వచ్చి చూసి, గ్రాండ్ గ్రాండ్ అంటూ టీ తాగి వెళ్ళాడు, బాయిలర్ మాత్రం గ్రాండ్‌గా లేదు. పెద్దమ్మకి మోకాళ్ళ నొప్పి. జీపీ డాక్టరు నడవమన్నాడు, ఆవిడ నన్ను నడవమంటోంది. గోంగూర పచ్చడి పంపుతున్నాను, ఫ్రిజ్‌లో పెట్టు, ప్రెస్‌లో, అదే అల్మారాలో, పెట్టి మర్చిపోకు.

ఆ అబ్బాయి గురించి తొందరపడకు చరితా. నెమ్మదస్తుడు. పని చేసేటప్పుడు నాలిక కొంచెం బయటపెట్టి, పిల్లాడు బొమ్మ వేసినంత శ్రద్ధగా గీసేవాడు. నేను చూశాను. అలాంటివాడు అజాగ్రత్తగా చేశాడని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. తప్పు ఎక్కడైనా జరిగి ఉండొచ్చు. రాళ్ళు కొండ దగ్గర్నుంచి ల్యాబ్ దాకా చాలా చేతులు మారాయి కదా.

ఇంకా రాద్దామనుకున్నాను. పోస్టు వేళయింది.

పెదనాన్న


సిటీవెస్ట్
12 అక్టోబర్ 2025

పెదనాన్నకి,

పచ్చడి అందింది, సగం అయిపోయింది కూడా. నా రూమ్మేట్ విజేత ఆ గోంగూర కోసం మతం మార్చుకునేలా ఉంది.

మీ ఉత్తరం చదివి మొదట అర్థం కాలేదు. నిన్న పెద్దమ్మ ఫోన్లో, నిఖిల్‌ని ఎందుకు వద్దన్నావు, ఆ కేరళ అబ్బాయిని చూసుకున్నావా, మీ పెదనాన్న కూడా అతన్ని వెనకేసుకొస్తున్నాడు అన్నాక అర్థమైంది. మీరిద్దరూ కలిసి అక్కడ ఏం ఊహించుకుంటున్నారో నాకు తెలియదు. నాకూ ఫెబికీ మధ్య రాళ్ళు తప్ప ఏమీ లేవు. నా మనసు నొప్పించకూడదని మీరు అతన్ని కాపాడక్కర్లేదు. అలా అనుకునే మీరు ఓనాకి రాయకపోయి ఉంటే, నిశ్చింతగా రాయొచ్చు.

రాయకపోయినా ఫరవాలేదు లెండి. మొన్న ఓనా నన్ను పిలిచి అడిగింది, నేను చెప్పాల్సింది చెప్పాను. బాణాలు ఫెబివే అని కాయితం మీద సంతకం పెట్టాను. అతను ల్యాబ్‌లో నా పక్కనే కూర్చుంటాడు. ఇదివరకు రెండు కప్పుల టీ పెట్టేవాడు, ఇప్పుడు ఒకటే పెట్టుకుంటున్నాడు. పాత ఫైళ్ళు సర్దుతున్నాడు. వాళ్ళ నాన్న పున్నమికో అమావాస్యకో ఫోన్ చేసేవాడట, ఈమధ్య రోజూ చేస్తున్నాడు. ఫోన్ తీసుకుని బయటికి వెళ్తాడు.

మీరు చేతులు మారాయని రాశారు. ఎన్ని చేతులు మారినా బాణం మారదు కదా. ఇక ఈ సంగతి వదిలేద్దాం.

మంచు కింద బతికినవి ఉన్నాయి పెదనాన్నా. కంటికి కనపడనంత చిన్నవి. మంచు ఎక్కడ పలచబడిందో అక్కడ, ఇంత వెలుతురు దొరికితే చాలని బతికాయట.

చరిత


ములింగార్
2 నవంబర్ 2025

చరితా,

ఈ ఉత్తరం ఒక్కతివే చదువు.

ఫెబి తప్పు లేదు. నువ్వు అతనితో ఏ సంబంధం పెట్టుకున్నావో నేనెప్పుడూ ఆలోచించలేదు, అది మీ పెద్దమ్మ సొంత తెలివి. నేను రాయలేకపోయింది వేరే కారణానికి. ఆ బాణాలు నావి.

మూడో రోజు సాయంత్రం అనుకుంటాను. గ్యారేజీలో కూర్చుని రాళ్ళు తుడుస్తున్నాను. మట్టి పోవాలంటే ఆల్కహాల్ వైప్ మించింది లేదు. తుడిచి తుడిచి పక్కన పెడుతున్నవాణ్ణి, వైప్ నల్లగా ఎందుకొస్తోందని చూశాను. మట్టి కాదు, సిరా. చూసుకునేసరికి పెట్టెడు రాళ్ళు అద్దాల్లా ఉన్నాయి. కొన్నిటి మీద గుర్తు కొంచెం కనపడుతోంది, కొన్నిటి మీద అసలు లేదు.

వంటగదిలో మీరిద్దరూ పప్పు మాడిందని నవ్వుకుంటున్నారు. నాలుగడుగులు వేసి వచ్చి చెబితే అయిపోయేది. మర్నాడు మళ్ళీ వెళ్ళి ఆ చోట్లు చూసుకునేవాళ్ళు. కానీ పెదనాన్నా, మీరు రేపట్నుంచి కారులో కూర్చోండి చాలు అంటావేమోనని భయమేసింది. నవ్వకు. రిటైరైనవాడి భయం నీకు తెలియదు. నా జేబులో పెన్ను తీసి నేనే గీసేశాను. రాయి ఏ వైపు కదలకుండా కూర్చుంటే అదే కింద అనుకున్నాను. బల్లపరుపుగా ఉన్నది అడుగు కాక మరేమిటనుకున్నాను. ఏ వైపైతేనేం, రాయి రాయే కదా అని కూడా అనుకున్నాను. నీ మొదటి ఉత్తరం చదివేదాకా బాణానికి అంత విలువ ఉందని తెలియదు. తెలిశాక నోరెత్తలేదు. ఏమీ కాదులే అనుకున్నాను. సెప్టెంబర్ ఉత్తరం వచ్చిన రోజు అన్నం సయించలేదు.

ఫ్యాక్టరీలో నాకు ఒక నియమం ఉండేది. ఏ పొరపాటు జరిగినా ఆ రోజే రాసి సంతకం పెట్టాలి. ఆశిష్ అని ఓ కుర్రవాడు ట్రే కింద పడేసి, ఎవరూ చూడలేదని ఎత్తి మళ్ళీ వరసలో పెట్టాడు. పడేసినందుకు కాదు, ఎత్తి పెట్టినందుకు ఇంటికి పంపించాను. అతను నా కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. తప్పు చేసినవాణ్ణి నేనేమీ అనను, దాచినవాణ్ణి ఉంచను అని చెప్పాను. ఆ మాట ఇప్పుడు రోజూ షేవ్ చేసుకునేటప్పుడు నా మొహానికి నేనే చెప్పుకుంటున్నాను.

మంచు మంచునే పెంచుతుందని రాశావు చూడు, చెప్పని మాట కూడా అంతే. జూన్‌లో ఒక్క వాక్యం సరిపోయేది. ఇప్పుడు ఎన్ని పేజీలైనా చాలడం లేదు.

ప్రొఫెసర్‌గారికి ఇంగ్లీషులో అంతా రాసి ఇందులో పెట్టాను. నేనే పంపొచ్చు. కానీ బయటివాణ్ణి రాళ్ళు ముట్టుకోనిచ్చావని నీ పనంతా కొట్టేస్తారేమోనని భయం. ఎప్పుడు, ఎలా ఇవ్వాలో నీకు తెలుస్తుంది. ఇవ్వడం మాత్రం రివ్యూకి ముందే ఇవ్వు.

ఆ అబ్బాయి ఒక్కడే టీ పెట్టుకుంటున్నాడని రాశావు. అది మర్చిపోలేకపోతున్నాను.

మధుసూదనరావు


సిటీవెస్ట్
17 నవంబర్ 2025

పెదనాన్నకి,

ఇంతకాలం జవాబు రాయలేదు. మీరు ఫోన్లో ఉత్తరం అనకుండా పార్సెల్ అందిందా అని అడిగితే అందింది, అంతా గ్రాండ్ అన్నాను. పెద్దమ్మ స్పీకర్ నాకు అంత అక్కరకొచ్చిన రోజు లేదు.

నాకు తెలుసు పెదనాన్నా. సెప్టెంబర్ నుంచీ తెలుసు.

ఫెబి బాణం ఒక గీత, దానికి మొన. అంతే. ఆ తప్పు ముక్కల మీద ఉన్న బాణాలకి అడుగున అడ్డగీత ఉంది. ఈ వైపు పైకి ఉంచవలెను అని కార్టన్ల మీద ఉంటుందే, అలా. అలాంటి బాణం మా ల్యాబ్‌లో ఎవరూ వేయరు. నేను ఇల్లు మారినప్పుడు నా సామాను పెట్టెలన్నిటి మీదా మీరు వేసిన గుర్తు అదే. నా మంచం పక్కన ఇప్పటికీ ఓ పెట్టె ఉంది. ఓనా రాయి పైకి పడదు అన్నప్పుడు నా కాళ్ళు చల్లబడింది రాయిని చూసి కాదు, ఆ అడ్డగీతని చూసి.

బయటివాళ్ళు శాంపిల్స్ ముట్టుకోకూడదని ఫీల్డ్‌కి వెళ్ళేముందు నేనే సంతకం పెట్టాను. మిమ్మల్ని డ్రైవర్‌గా రాసి, సర్దే పని మీకు అప్పగించి, నేను వంటగదిలో కూర్చున్నాను. నిజం చెబితే మీ పేరు బయటికి వస్తుంది, మీ వెనక నా పేరు. ఫెబి ఓనాతో ఒకే మాట చెప్పాడు, ఇవి నేను వేసిన బాణాలు కావు అని. ఆవిడ నన్ను పిలిచి, ఇవి ఫెబివేనా అని అడిగింది. ఫెబి కూడా గదిలోనే ఉన్నాడు. అవును అన్నాను.

మిమ్మల్ని ఉత్తరం రాయమన్నది ఎందుకో కూడా చెబుతాను. మీరు రాస్తే మీరూ నాతోపాటే ఈ అబద్ధంలో ఇరుక్కుపోతారు, ఇక ఎప్పటికీ చెప్పలేరు. అంత ఆలోచించాను. మీరు రాయకుండా బాయిలర్ గురించి రాస్తే, మీకు తెలిసిందనీ, ఇద్దరం తెలిసీ తెలియనట్టు ఉండిపోదామని ఒప్పుకున్నారనీ అనుకున్నాను. పెద్దమ్మ పెళ్ళి మాట నాకు అడ్డం పెట్టుకోవడానికి దొరికింది. నేను అమాయకురాలినని మీరు నమ్ముతూ అక్కడ కుమిలిపోతున్నారని నాకు తట్టనే లేదు.

మీ ఇంగ్లీషు ఉత్తరం డ్రాయర్‌లో ఉంది. రోజూ బ్యాగులో పెట్టుకుని లూవస్ ట్రామ్ ఎక్కుతాను, రోజూ వెనక్కి తెస్తాను. వచ్చే సోమవారమే రివ్యూ. నన్ను తిట్టండి. ఏం చేయాలో చెప్పండి. మీరేం చెబితే అది చేస్తాను.

చరిత


ములింగార్
20 నవంబర్ 2025

చరితా,

నీ ఉత్తరం నిన్న బుధవారం వచ్చింది. నేను మంగళవారమే డబ్లిన్ వెళ్ళొచ్చాను. మీ ప్రొఫెసర్‌గారిని కలిశాను.

నీ దగ్గర్నుంచి ఎంతకీ జవాబు రాకపోతే, నేను చేసిందేమిటో అప్పుడు తెలిసింది. నా తప్పు నేను ఒప్పుకోవడానికి కూడా నీ చేతులే కావాలనుకున్నాను. రైలెక్కి వెళ్ళిపోయాను. ఆవిడ మంచిదే. కుర్చీ వేసింది, టీ ఇచ్చింది. అంతా విన్నాక ఆ రాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళింది. నా పెన్ను తీసి కాయితం మీద బాణం గీయమంది. గీశాను, అడ్డగీతతో సహా. చాలాసేపు రెండూ పక్కపక్కన పెట్టి చూసింది.

తర్వాత ఒక్కటే అడిగింది. ఈ సంగతి చరితకి తెలుసా, అని.

"తెలియదు. తెలిస్తే ఆ రోజే మీకు చెప్పేది. నేను పెంచిన పిల్లతో సమానం, నాకు తెలుసు" అన్నాను.

నా జన్మలో ఏ మాటా అంత ధైర్యంగా చెప్పలేదు. రైల్లో తిరిగొస్తూ తేలికగా కూడా ఉన్నాను. ఇంటికొచ్చి పెద్దమ్మకి మొత్తం చెప్పాను. మర్నాడు నీ కవరు తలుపు దగ్గర పడి ఉంది.

నీకు బాధ కలగకూడదని ఏదేదో రాయొచ్చు. రాయను. నాకు కోపంగా ఉంది. నీ మీదా, అంతకన్నా నా మీదా. దాచే దారి నీకు గ్యారేజీలో నేనే వేసి ఇచ్చాను. కానీ గదిలో అబ్బాయి ఎదురుగా ఉండగా అవును అన్నది నువ్వు.

ఏం చేయాలో చెప్పమన్నావు. ఆవిడకి నీ గురించి నేను చెప్పిన మాట తప్పని తేలింది. దాన్ని దిద్దడానికి నేను మళ్ళీ రైలెక్కను. ఫెబి సీటుకి ఇక భయం లేదు, ఆవిడ మాట ఇచ్చింది. కాబట్టి నువ్వు నోరు మూసుకుని ఉన్నా ఎవరికీ తెలియదు, నాకు తప్ప. నేను ఎవరికీ చెప్పను.

అన్నం సరిగ్గా తిను.

పెదనాన్న


సిటీవెస్ట్
30 నవంబర్ 2025

పెదనాన్నకి,

21న, శుక్రవారం పొద్దున మీ ఉత్తరం అందింది. కోటు విప్పకుండానే ఓనా గదికి వెళ్ళాను. మీరు చెప్పిన మాట అబద్ధమనీ, అది అబద్ధమని మీకు తెలియదనీ చెప్పాను. ఆవిడ టీ ఇవ్వలేదు. నా మీద విచారణ ఉంటుంది. ఆ రాళ్ళన్నీ పక్కన పెట్టేశారు, నాకు కనీసం ఇంకో ఏడాది. నన్ను ఉంచుతారో లేదో జనవరిలో తెలుస్తుంది. మీ ఆశిష్ గురించి రోజూ అనుకుంటున్నాను.

ఫెబి రివ్యూ సోమవారం అయింది, పాసయ్యాడు. ఆ సాయంత్రం ల్యాబ్ కిచెన్‌లో అతనొక్కడే ఉంటే వెళ్ళి నిలబడ్డాను. అంతా చెప్పాను, సారీ కూడా చెప్పాను. అతను వింటూ టీ తాగాడు. అడ్డగీత సంగతి తనకి మొదటి రోజే తెలుసట. కారు డిక్కీలో మీ ఫ్లాస్కుల పెట్టె మీద చూశాడట. అంకుల్ పేరు తను ఎత్తడం బాగుండదని, నేను చెబుతానని ఎదురుచూశాడట. నేను అవును అన్నాక ఇక చూడటం మానేశాడట.

తర్వాత మీ గురించి అడిగాడు. మీరు డబ్లిన్ దాకా రైల్లో వచ్చారని ఓనా చెప్పిందట.

"అంకుల్‌కి చెప్పు, వేసవిలో మళ్ళీ ఆ కొండకి వెళ్ళాలి. కారు ఆయనే నడపాలి. వైప్స్ మాత్రం ఇంట్లో పెట్టి రమ్మను" అన్నాడు. కొంచెం నవ్వాడు కూడా.

నేను కూడా రావచ్చా అని అడిగాను.

అతను తన కప్పు కడిగి, సింకు పక్కన బోర్లించి, లైటు ఆర్పకుండా నాకోసం వదిలేసి వెళ్ళిపోయాడు.

చరిత